పేరు రాయని చీటీలు

ఆ అమ్మాయి పేరు వర్షిణి అని నాకు తెలిసేటప్పటికి ఆమె కాలేజీ మానేసి మూడు నెలలైంది. ఏడాది పాటు వారానికి నాలుగు రోజులు నా ఎదుట కూర్చున్న పిల్ల. నేను లెక్కలు చెప్పాను, ఆమె రాసుకుంది. నేను హాజరు పిలిచాను, ఆమె పలికింది. అంతకు మించి మా ఇద్దరికీ పరిచయం లేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

నా పేరు రాజరత్నం. నంద్యాలలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. నేను చేరిన కొత్తలో క్లాసుకు అరవై మంది ఉండేవాళ్లు. వర్షిణి చేరిన ఏడు ఇద్దరు లెక్కల మాస్టర్లు ఒకేసారి మానేసి వెళ్లిపోయారు. కొత్తవాళ్లు దొరికేదాకా సర్దుకోండి అని మూడు సెక్షన్లు కలిపి సెమినార్ హాల్లో కూర్చోబెట్టారు. నూటతొంభై ఎనిమిది మంది! నాకొక మైకు ఇచ్చారు. అది పాఠం మధ్యలో గురకపెట్టేది. ఏడో వరస దాటినవాళ్లకు బోర్డు మీద ఒకటికీ ఏడుకూ తేడా తెలిసేది కాదు. కొత్తవాళ్లు దొరకనూ లేదు, మేము సర్దుకోవడం మాననూ లేదు.

హాజరుకే పది నిమిషాలు పోయేది. పేర్లు పిలిచే తీరిక ఎక్కడిది? హాల్ టికెట్ నంబరులో చివరి రెండూ పిలిచేవాణ్ణి. తొంభై తొమ్మిది దాటాక ఏ జీరో, ఏ వన్ అంటూ అక్షరాల్లోకి వెళ్తాయి. వర్షిణి సీ సెవెన్. ఎక్కడో పదహారో వరసలోంచి "ప్రెజెంట్ సార్" అని వినిపించేది. నేను తల ఎత్తకుండా గీత పెట్టేవాణ్ణి.

ముందు రెండు వరసల సంగతి వేరు. అక్కడ శ్రీకాంత్ అని ఒక కుర్రాడు ఉండేవాడు, నంద్యాలవాడే. క్లాసు అయిన వెంటనే లేచి వచ్చి బల్లకు అడ్డంగా నిలబడి సందేహాలు అడిగేవాడు. అతని వెనక ఇంకో ఐదారుగురు. వాళ్ల పేర్లు నాకు తెలుసు, వాళ్ల నాన్నలు ఏం చేస్తారో కూడా తెలుసు. నిజం చెప్పాలంటే ఆ ఏడు నేను రెండు వరసలకు చదువు చెప్పి మిగతావాళ్లకు హాజరు వేశాను. వాట్సాప్ గ్రూపు కూడా పెట్టాను. అందులో నేనొక్కడినే రాయగలిగేట్టు పెట్టాను, లేకపోతే నూటతొంభై ఎనిమిది మంది గుడ్ మార్నింగులు ఎవరు చూస్తారు?

వర్షిణి వాళ్లది ఆళ్లగడ్డ. నాయన మహానందయ్య శెట్టికి అక్కడ సరుకుల అంగడి. తాత నాటి అంగడి, ఊళ్లోకంతా పాతది. ఆమె ఇంటర్ దాకా తెలుగులోనే చదివింది. ఆ ఇంట్లో ఇంజినీరింగ్ మాట ఎత్తిన మొదటి మనిషి ఆమే. నాయన ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. "ఒక్క సంవత్సరం గూడా పోగూడదు. పోయిందా, అంగట్లో కూచోవాల" అన్నాడు. పిల్ల సరే అంది. పదో తరగతిలో లెక్కల్లో బడికంతా మొదటిగా వచ్చిన పిల్ల, ఎందుకు భయపడుతుంది?

రోజూ పొద్దున ఆళ్లగడ్డలో బస్సెక్కి, శిరివెళ్ల మీదుగా నంద్యాల చేరి, అక్కడినుంచి ఆటోలో కాలేజీకి వచ్చేసరికి తొమ్మిదీ పది అయ్యేది. అప్పటికి ముందు వరసలన్నీ నిండిపోయి ఉండేవి. తలుపు పక్కనుంచి వంగి వచ్చి వెనక కూర్చునేది. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. ఆనాడు నాకు తలుపు దగ్గర ఎవరో వంగి వెళ్లడం మాత్రం కనిపించేది, చిరాకేసేది.

రెండో నెలలో మొదటి చీటీ వచ్చింది. క్లాసు అయ్యాక హాజరు పుస్తకం తీస్తే దాని కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం ముక్క. "సార్, రెండో వరస మార్చినాక మూడో వరసకు పాత రెండో వరస వాడాలా, కొత్తది వాడాలా?" అని గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఉంది. అప్పుడు మాత్రికలు చెబుతున్నాను. అంకెలను వరసలుగా రాసుకుని, ఒక వరసలోంచి ఇంకో వరసను తీసేస్తూ కింద సున్నాలు తెప్పించాలి. అదే పని. చీటీ మీద పేరు లేదు, నంబరు లేదు. ఇంత చిన్న సంగతి తెలియనివాళ్లు ఉంటారా, ఎవడో ఆటపట్టిస్తున్నాడు అనుకుని పుస్తకం అట్టలో దోపాను.

మరుసటి వారం మళ్లీ అదే ప్రశ్న. మూడో చీటీలో ఇలా ఉంది: "సార్, పోయిన వారం అడిగింది చెప్పలేదు. నా వంతు ఎప్పుడొస్తుంది?"

నా వంతు! నాకు ఒళ్లు మండింది. నాలుగో చీటీ వచ్చిన రోజు మైకు పట్టుకుని దాన్ని చదివాను. "ఈ ప్రశ్న అడిగిన మహానుభావుడు ఎవరో లేచి నిలబడితే దర్శనం చేసుకుంటాం. ఏడో తరగతి పుస్తకం కూడా కొనిపెడతాం" అన్నాను. హాలు ఘొల్లుమంది. నూటతొంభై ఏడు మంది నవ్వు ఎంత చప్పుడో ఊహించుకోండి. ఎవరూ లేవలేదు. నేను కూడా నవ్వాను. ఆ రోజు పాఠం బాగా చెప్పాను అనుకుంటూ ఇంటికి వెళ్లాను.

తర్వాత కూడా చీటీలు ఆగలేదు. ఇంకో ఐదు వచ్చాయి. "వెనక బెంచీలోళ్లు మీతో ఆడుకుంటాండారు సార్" అన్నాడు శ్రీకాంత్. ఆ మాట పట్టుకుని చివరి రెండు వరసల మగపిల్లలను ఒక పీరియడంతా నిలబెట్టాను. వాళ్లకు ఎందుకు నిలబడ్డారో తెలియదు. ఆ తర్వాత చీటీలు రావడం మానేశాయి. నేను గెలిచాననుకున్నాను.

పరీక్షలు వచ్చాయి, పోయాయి. సీ సెవెన్ మొదటి సెమిస్టర్ లెక్కల్లో తప్పింది, సప్లిమెంటరీలో మళ్లీ తప్పింది. రెండో సెమిస్టర్‌లో లెక్కల మీద ఆధారపడిన ఇంకో మూడు పేపర్లు పోయాయి. కావలసినన్ని క్రెడిట్లు రానివాళ్లను పై ఏడాదికి పంపకుండా ఆపేస్తారు, జూనియర్లతో కలిసి మళ్లీ మొదటి ఏడాది చదవాలి. ఆ జాబితా నోటీసు బోర్డు మీద అంటించారు. పదకొండు నంబర్లు. అంటించింది నేనే.

ఆ రోజు ఆమె నంద్యాల బస్టాండులో మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం దాకా కూర్చుందట. ఆళ్లగడ్డ బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఎక్కడం లేదు. బల్ల మీద పక్కన కూర్చున్న ఎవరో ముసలావిడ "యాడికి పోవాలమ్మా?" అని అడిగితే "యాడికీ లేదవ్వా" అందట. ఇంటికి చేరి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు తలస్నానం చేసి వచ్చి, ఏమీ అనకుండా అంగట్లో కూర్చుంది. మాట అంటే మాట.

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం దొర్నిపాడులో మా స్నేహితుడి గృహప్రవేశానికి వెళ్తూ ఆళ్లగడ్డలో ఆగాను. కర్పూరం, బెల్లం, కొబ్బరికాయలు తెమ్మని ఫోను చేశాడు. ఆ వేళ సంత. రోడ్డు పక్కన కనిపించిన పెద్ద అంగడికి వెళ్తే లోపల మెట్ల దాకా జనం. శనగలు అమ్ముకోవడానికి కోయిలకుంట్ల వైపు నుంచి వచ్చినవాళ్లు, చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు. నేను అందరినీ తోసుకుని ముందుకు వెళ్లి "అర్జంటుగా కర్పూరం" అన్నాను.

గల్లా పక్కన తూకం వేస్తున్న అమ్మాయి తల ఎత్తి చూసింది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది.

"సంచి పెట్టండి సార్" అంది.

అప్పుడు చూశాను. ముందున్న పొడవాటి బల్ల మీద సంచులు వరసగా పెట్టి ఉన్నాయి. యూరియా బస్తా కత్తిరించి కుట్టినది ఒకటి, వైరు బుట్ట ఒకటి, ఎవరిదో పెళ్లి తాంబూలం సంచి ఒకటి. ఒక్కోదాంట్లో కావలసిన సరుకులు రాసిన చీటీ. సంచి పెట్టినవాళ్లు సంతలో తమ పని చూసుకుంటున్నారు, కొందరు మెట్ల మీద కూర్చుని వక్కాకు నములుతున్నారు. అమ్మాయి వరస ప్రకారం ఒక్కో సంచి దగ్గరకు లాక్కుని, చీటీ చూసి, సరుకులు కట్టి నింపి పక్కన పెడుతోంది. తోపులాట లేదు, అరుపులు లేవు.

నా దగ్గర సంచి లేదన్నాను. ఆమె వెనక కొక్కేనికి తగిలించి ఉన్న నీలం జీన్సు గుడ్డ సంచి తీసి నా చేతికిచ్చింది. "నాదే సార్. మళ్లా వచ్చినప్పుడు ఇయ్యండి." నేను కావలసినవి చీటీ రాసి అందులో వేసి, దాన్ని వరస చివర పెట్టి నిలబడ్డాను.

అప్పుడే భారతమ్మ అని ఒక ముసలామె వచ్చింది. ఆమెకు రాయడం రాదు. నోటితో చెబుతుంటే అమ్మాయి చీటీ రాసి ఆమె బుట్టలో వేసింది. ఆ చీటీ నా కళ్ల ముందే ఉంది. గుండ్రటి అక్షరాలు. తొమ్మిది సార్లు చూసిన అక్షరాలు.

"చీటీ మీద పేరు రాయలేదేం?" అన్నాను.

"పేరెందుకు సార్? సంచి ఉండాది గదా. ఇది భారతమ్మవ్వది. ఆ యూరియా సంచి దొర్నిపాడు రామయ్య తాతది. సంచి చూస్తే మనిషి తెలీదా?"

చిన్నప్పటినుంచి ఆమె ఈ బల్ల వెనకే పెరిగింది. చీటీ మీద ఎవరూ పేరు రాయగా చూడలేదు. పెట్టిన చీటీకి వంతు వచ్చి తీరుతుందని తప్ప ఇంకోలా ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నా బల్ల మీద కూడా అలాగే చీటీ పెట్టి, వెనక్కి వెళ్లి, వంతు కోసం కూర్చుంది. నాలుగు నెలలు కూర్చుంది.

"నువ్వు మా కాలేజీ కదూ?"

"సీ సెవెన్ సార్."

"ఆ చీటీలు..."

"తొమ్మిది సార్." ఆమె బెల్లం తూకం వేస్తూనే ఉంది.

"నేను మైకులో చదివినప్పుడు లేవలేదేం?"

"లేద్దామనుకున్నా సార్. కాళ్లు రాల్యా. మా నాయన గూడా సంచులు తీస్తా ఒక్కొక్కరిని ఎగతాళి చేస్తాంటాడు. ఎగతాళి చేసి మళ్లా సరుకు ఇస్తాడు. మీరు గూడా నవ్వినాక చెప్తారేమో అనుకుంటి. దానికే మళ్లా పెట్టినా."

అక్కడున్న పొట్లాల కాగితం ఒకటి లాక్కుని ఒక మాత్రిక రాశాను. "కొత్త వరసే వాడాలి. మార్చాక పాతది లేనట్టే లెక్క. ఇప్పుడు చెయ్యి" అన్నాను. క్లాసులో టైము కలిసొస్తుందని నేను మూడు మెట్లు ఒక్క దెబ్బకు రాసి పడేసేవాణ్ణి. ఏ వరస ఎప్పుడు మారిందో వెనక కూర్చున్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? ఆమె చీటీలు రాసే పెన్నుతో వరసలు తీసేసింది. మూడో వరసలో మొదట ఒక సున్నా, దాని పక్కన ఇంకో సున్నా.

"ఇంతేనా సార్?" అంది. "పాతది వాడుకుంటా రెండు నోట్‌బుక్కులు నింపినా. ఎంత చేసినా సున్నా రాల్యా. నా బుర్రలోనే ఏదో లేదనుకుంటి. ఇంతేనా?"

తర్వాత ఏడ్చింది. బల్ల మీద సంచులు అలాగే ఉండగా, మెట్ల మీద జనం చూస్తుండగా, కొంగు లేదు కాబట్టి మోచేత్తో మొహం కప్పుకుని ఏడ్చింది. నేను ఓదార్చే అర్హత ఉన్నవాణ్ణి కాదు. నిలబడ్డాను.

గోదాములోంచి మహానందయ్య వచ్చాడు. బక్కపలచటి మనిషి, చెవుల మీద తెల్లటి వెంట్రుకలు. సంగతి విన్నాడు. నా మీద అరుస్తాడనుకున్నాను, అరవలేదు.

"సారూ, ముప్పై ఏండ్లుగా ఈ బల్ల మీద సంచులు తీస్తాండా. ఒక్క సంచి మర్చిపోల్యా అప్పా. మనిషి రాకుంటే రేపటికి ఎత్తిపెడతా గానీ చీటీ పారెయ్యను. మీరు అంత చదువుకున్నోళ్లు. తొమ్మిది చీటీలు!" అన్నాడు. "నా బిడ్డకు చదువు రాదనుకుంటి. మాట మీద అంగట్లో కూచోబెట్టినా. ఈ మూడు నెల్లు ఆయమ్మి మొగం ఎట్లుండాదో మీకేం తెలుసు?"

మళ్లీ చేరడానికి ఇంకా ఎనిమిది రోజుల గడువుంది, తండ్రీ కూతుళ్లు ఇద్దరూ సంతకం పెట్టిన దరఖాస్తు ఇస్తే చాలు అని చెప్పాను. వర్షిణి మొహం తుడుచుకుంది.

"మళ్లా అదే హాలా సార్?"

"అదే."

"ఎంతమంది?"

అబద్ధం చెప్పాలనిపించింది. "ఈ ఏడు రెండువందల పన్నెండు."

ఆమె తర్వాతి సంచి దగ్గరకు లాక్కుంది. నా వంతు వచ్చినప్పుడు కర్పూరం, బెల్లం, కొబ్బరికాయలు నీలం సంచిలో పెట్టి ఇచ్చింది. నావైపు చూడలేదు.

ఆ వారమంతా నాకు మనసు మనసులో లేదు. ప్రిన్సిపాల్ దగ్గరకు వెళ్లి హాలు విడగొట్టమని అడిగాను. మనుషుల్లేరు రాజరత్నం గారూ, సర్దుకోండి అన్నారు. రోజూ క్లాసు అయ్యాక హాజరు పుస్తకం ఎత్తి చూసేవాణ్ణి. కింద బల్ల చెక్క తప్ప ఏమీ ఉండేది కాదు. రెండువందల పన్నెండు మందిలో చీటీ కూడా పెట్టలేనివాళ్లు ఎంతమందో అనుకునేవాణ్ణి.

శుక్రవారం మహానందయ్య కాలేజీకి వచ్చాడు. స్టాఫ్ రూము బయట శ్రీకాంత్ వాళ్ల గుంపు వెనక చాలాసేపు నిలబడ్డాడట. నేను చూడలేదు. గుంపు కదిలాక దరఖాస్తు నా చేతిలో పెట్టాడు. అతని సంతకం ఉంది. పక్కన ఆమె పెట్టాల్సిన చోటు ఖాళీ.

"నేను పెట్టినా. పిల్ల పెట్టనంటాంది. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉండాదంట. ఆ హాల్లోకి పోతే ఊపిరాడదంటాంది. నేను చెప్పి చూసినా, వాళ్లమ్మ చెప్పి చూసె. మీ నోటితోనే పోయింది సారూ, మీరే ఏదో ఒకటి చెయ్యండి" అన్నాడు. మంచినీళ్లు కూడా తాగకుండా బస్సుకు వెళ్లిపోయాడు.

ఆదివారం మళ్లీ ఆళ్లగడ్డ బస్సెక్కాను. సోమవారం ఆఖరు రోజు. దారిపొడుగునా ఏం మాట్లాడాలో అనుకున్నాను. పద్దెనిమిదేళ్లు మైకులో మాట్లాడినవాణ్ణి, ఒక్క మనిషితో మాట్లాడటానికి వాక్యం కుదరలేదు. శిరివెళ్ల దాటాక జేబులోంచి కాగితం తీసి ఒక చీటీ రాశాను.

అంగడి కిటకిటలాడుతోంది. ఈసారి ఎవరినీ తోసుకుని వెళ్లలేదు. నీలం సంచిలో దరఖాస్తు, చీటీ పెట్టి, బల్ల మీద వరస చివర ఉంచాను. నా ముందు పద్నాలుగు సంచులు ఉన్నాయి. ఆమె నన్ను చూసింది. పిలవలేదు, నేనూ పలకరించలేదు. గంట దాటిపోయింది. కాళ్లు పీకుతున్నాయి. ఆమె ఒక్కొక్క సంచే లాక్కుంటోంది. నాలుగు నెలలు ఆమె ఎలా కూర్చుందో నాకు అక్కడ నిలబడితే గానీ తెలియలేదు. ఆమె సంచి చూసి కూడా పక్కకు పెట్టేస్తే ఏం చేయాలి? నాకు దారి లేదు. మళ్లీ పెట్టి నిలబడాలి, అంతే.

నా సంచి వచ్చింది. తన సంచి తనే గుర్తుపట్టి ఆగింది. లోపల చెయ్యి పెట్టి చీటీ తీసి చదివింది.

"వర్షిణీ, నీ వంతు వచ్చింది. ఆలస్యం నాది. క్షమించు. ఇట్లు, రాజరత్నం, లెక్కల మాస్టారు, నంద్యాల."

ఆమె చాలాసేపు చదివింది. అందులో అంత చదవడానికి ఏమీ లేదు. గోదాము తలుపు దగ్గర మహానందయ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. వెనకనుంచి భారతమ్మ తన బుట్టను ముందుకు తోసింది.

"ఏమ్మా, చదువుకుంటా నిలబడితివి? నాది బేగా కట్టియ్యి, బస్సు పోతాది."

వర్షిణి దరఖాస్తు మడత విప్పి బల్ల మీద పరిచింది. చీటీలు రాసే పెన్ను అందుకుంది.

"ఉండవ్వా" అంది. "ఇది ముందొచ్చింది."